లాస్ట్ స్టేజీకి ఫస్ట్ క్లాస్ సలహాలు

తెలుగు నేల మీద ఖాళీ గోడ కనిపిస్తే దాని మీదికి ఎక్కేవి రెండే. ఒకటి పార్టీ గుర్తు, రెండోది మూలశంక. పార్టీ గుర్తుకు అయిదేళ్లకోసారి సున్నం పడుతుంది. మూలశంకకు ఎన్నికలు లేవు గనక అది శాశ్వతం. 'మొలలు, ఫిషర్, ఫిస్టులా... కోత లేదు, కుట్టు లేదు, గ్యారంటీ వైద్యం' అని బస్టాండు వెనక గోడ మీద రాయించుకుని, కింద ఫోన్ నంబరు వేయించుకున్న ఆ మహానుభావుడే మన రెండు రాష్ట్రాల్లో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు. దొడ్డికి కూర్చున్నప్పుడు నెత్తురు పడ్డ మనిషి మొట్టమొదట వెళ్లేది ఆయన దగ్గరికే. ఆయన లేపనం ఇస్తాడు, దారం కడతాడు, కారం మానమంటాడు, కోడిగుడ్డు వేడి చేస్తుందంటాడు. చెయ్యనిది ఒక్కటే, గ్లౌజు తొడుక్కుని వేలు పెట్టి చూడటం. మలాశయంలో కింది భాగాన పెరిగే గడ్డలు చాలావరకు ఆ ఒక్క వేలికే తగుల్తాయి. కానీ చూసేవాడికి రోత, చూపించుకునేవాడికి సిగ్గు. ఇద్దరి పరువూ నిలబడింది. గడ్డకు ఏడాది గడువు దొరికింది.

పట్టాలున్న డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? మనిషి పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ ఏడుంది. ఐరన్ సీసా రాశారు, బీట్‌రూట్, దానిమ్మ తినమన్నారు. యాభై దాటిన మగవాడికి నెత్తురు తగ్గితే ఆ నెత్తురు ఎటు పోతోందని ఆరా తీయాలని ప్రతి వైద్య విద్యార్థికీ పాఠం చెబుతారు. ఆ పాఠం పరీక్ష రోజు వరకే. బయటికొచ్చాక దానిమ్మ.

చివరికి ఎవరో పుణ్యాత్ముడు కొలనోస్కోపీ చేయించుకోమంటాడు. ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సీటీ స్కాన్‌లో లివర్ మీద నాలుగు మచ్చలు. ఇక్కణ్ణుంచి జబ్బు పేరు మారుతుంది. పెద్దపేగు క్యాన్సర్ అని ఎవరూ అనరు, 'లాస్ట్ స్టేజీ' అంటారు. రిపోర్టు అందిన గంటలో ఈ పేరు బంధువులందరికీ చేరుతుంది. డాలస్‌లో ఉన్న పెద్దల్లుడికి, విజయవాడలో వియ్యంకుడికి, పాలవాడికి, అపార్టుమెంటు వాచ్‌మన్‌కి కూడా తెలుస్తుంది. తెలియనిది ఒకాయనకే. ఆ కడుపు ఎవరిదో ఆయనకి.

"డాక్టరుగారూ, నాన్నగారికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు."

ఈ మాట వినని క్యాన్సర్ డాక్టరు తెలుగుదేశంలో ఉండడు. ఆ నాన్నగారు ఎవరు? ముప్పై ఏళ్లు ఆర్టీసీలో ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపినవాడు కావచ్చు. రెండు తుపాన్లకు పంట పోగొట్టుకుని మూడో ఏడు మళ్లీ నారు పోసినవాడు కావచ్చు. ముగ్గురు కూతుళ్లకు పెళ్లి చేసినవాడైతే ఇక చెప్పేదేముంది. ఇవన్నీ తట్టుకున్న మనిషి ఒక్క వాక్యం తట్టుకోలేడట. 'పేగులో పుండు' అని ఆయనకు చెబుతారు. ఆ పుండు కోసం ఆయన్ని కూర్చోబెట్టిన భవనం మీద పొలిమేర నుంచి కనిపించేంత అక్షరాలతో 'క్యాన్సర్ హాస్పిటల్' అని ఉంటుంది. పక్క కుర్చీలో గుండు తలతో ఓ పిల్ల ఉంటుంది. ఎదురుగా పొట్టకు సంచి తగిలించుకున్న ఒకాయన ఉంటాడు. పెద్దాయన ఇవన్నీ చూస్తాడు, గోడ మీద బోర్డు చదువుతాడు, కొడుకు మొహం చూస్తాడు, 'అవునర్రా, పుండే' అంటాడు. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో ఆ గదిలో గోడ గడియారానికి కూడా అర్థమైపోతుంది.

పైగా సంతకాలు ఆయనే పెడతాడు. ఇంగ్లీషులో నాలుగు పేజీల అంగీకార పత్రం, చివర చుక్కల గీత. ఏ జబ్బుకో తెలియని మందుకు, ఏం చేస్తుందో తెలియని కోతకు, ఎందుకో తెలియని ఖర్చుకు ఆయన ఒప్పుకుంటున్నాడని న్యాయస్థానంలో చెల్లే సాక్ష్యం. నిజం తట్టుకోలేని ఈ సున్నితమైన ప్రాణి, పొలం రిజిస్ట్రేషన్ కాగితాలు ముందు పెడితే మాత్రం బ్రహ్మాండంగా తట్టుకుంటాడు. అప్పుడు మంచం దగ్గరికే స్టాంపు కాగితం వస్తుంది, వేలిముద్ర పెట్టడానికి దిండు కింద చెయ్యి వేసి లేపుతారు.

దీనంతటికీ మన సంప్రదాయాన్ని తిట్టేసి ఊరుకుందామంటే, దాపరికం లేని దేశాల్లోనూ సంగతి గొప్పగా లేదు. 2012లో అమెరికాలో కీమో తీసుకుంటున్న నాలుగో స్టేజీ రోగులను అడిగి చూశారు: ఈ మందు మీ జబ్బును నయం చేస్తుందనుకుంటున్నారా అని. నయం చేసే అవకాశం లేదన్న సంగతి పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 81 శాతం మందికి బోధపడలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, మా డాక్టరు బాగా మాట్లాడతాడని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువగా పొరబడ్డారు. అక్కడి డాక్టర్లు ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి చెప్పనట్టు చేస్తారు. మనవాళ్లు 'ట్రై చేద్దామండీ' అంటారు. ఈ రెండు మాటల్లో ప్రపంచ వైద్య శాస్త్రమంతా ఇమిడిపోయింది. దేన్ని ట్రై చేద్దాం, ఎన్నాళ్లు, దేనికోసం, ఫలించకపోతే ఏమిటి అని ఎదురడిగే లోపల తరవాతి టోకెన్ నంబరు పిలిచేస్తారు.

ఇక చుట్టాలు దిగుతారు. ఆపిల్ పళ్ల సంచితో వస్తారు. ఆ ఆపిల్ పళ్లు ఏ రోగీ తిన్న దాఖలా లేదు, అవి మరో రోగి ఇంటికి ప్రయాణమవుతాయి. పళ్లతో పాటు సలహా తెస్తారు.

"బావగారూ, నా మాట వినండి. కీమో మాత్రం వద్దు. మా తోడల్లుడి మేనమామ కీమోకే పోయాడండీ."

"అవునా, ఏ క్యాన్సరు?"

"ఏదైతేనేం బావగారూ, క్యాన్సరే కదా."

అన్ని క్యాన్సర్లూ ఒకటే, అన్ని కీమోలూ ఒకటే, పోయిన ప్రతివాడూ మందుకే పోయాడు. ఈ సిద్ధాంతకర్త తన కాలి గోరు చీము పడితే మాత్రం కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తుతాడు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్న మనిషికి కొన్నాళ్లు చల్లనిది తగిలితే గొంతు పట్టేస్తుంది, వేళ్ల కొసలు జివ్వున లాగుతాయి. సరిగ్గా ఆ వారంలోనే ఈ సిద్ధాంతకర్తే ఫ్రిజ్‌లో పెట్టిన కొబ్బరినీళ్లు తెచ్చి, 'కీమో వేడికి చలవ, తాగండి' అని గ్లాసు నోటికి ఆనిస్తాడు.

తరవాత ఆకులు. లక్ష్మీతరు ఆకు ఉడకబెట్టి ఉదయం రాత్రి తాగితే గడ్డ కరుగుతుందని ఒక ఫార్వర్డు. లక్ష్మణ ఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమైనదని ఇంకొకటి. ఎన్ని రెట్లన్నది ఫోన్ మారినకొద్దీ మారుతుంది. పదివేల రెట్ల బలం ఉన్న వస్తువు గిన్నెలో మరుగుతున్నప్పుడు గిన్నె ఎలా తట్టుకుందో ఎవరూ అడగరు. ఆ ఫలం చెట్టును తరతరాలుగా వాడే కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో, దాన్ని ఎక్కువగా తిన్నవాళ్లలో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బు ఎక్కువగా కనిపించిందని వైద్యులు ఎప్పుడో రాశారు. ఆ వార్తకు ఫార్వర్డ్ యోగం లేదు. తిప్పతీగ రసంతో లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. లివర్‌లో నాలుగు గడ్డలున్న మనిషికి, లివర్ మీదే ఆధారపడిన మందులు ఎక్కుతున్న రోజుల్లో, ఇంట్లో వాళ్లు ప్రేమగా పట్టేది అదే రసం.

ఆకుల తరవాత గింజలు. ఆప్రికాట్ గింజ. దాంట్లో 'విటమిన్ బి17' ఉందట. అలాంటి విటమిన్ లేదు. ఉన్నది శరీరంలో సయనైడ్‌గా మారే పదార్థం. 1982లో అమెరికాలో మేయో క్లినిక్, మరి కొన్ని ఆసుపత్రులు కలిసి 178 మందికి దాన్నే మందుగా ఇచ్చి చూశాయి. ఒక్కరికీ నయం కాలేదు, కొందరి రక్తంలో సయనైడ్ ప్రాణాంతక స్థాయి దగ్గరికి వెళ్లింది. నలభై ఏళ్లు దాటినా ఆ గింజ ఇంకా ఆన్‌లైన్లో అమ్ముడవుతూనే ఉంది. ఇలా ఆకులనే నమ్ముకుని వైద్యం మానేసినవాళ్ల లెక్క కూడా ఉంది. యేల్ పరిశోధకులు 2018లో తేల్చినది. జబ్బు ఇంకా పాకని దశలో, నయమయ్యే దశలో, ప్రత్యామ్నాయ వైద్యమే చాలనుకున్నవాళ్లు పెద్దపేగు క్యాన్సర్‌లో నాలుగున్నర రెట్ల ముప్పుతో చనిపోయారు. పాకని జబ్బుకే ఆ గతి.

పెద్ద పేర్లూ ఈ అంగడికి పనికొస్తాయి. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో స్టేజీ క్యాన్సర్ వేపాకు, పసుపు, నిమ్మరసం, ఉపవాసంతో లొంగిందన్నట్టు చెప్పాడు. ఆమె ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చేయించుకున్నారు. తెరమీద మాత్రం నిమ్మకాయే వెలిగింది. టాటా మెమోరియల్ నిపుణులతో కలిపి 262 మంది క్యాన్సర్ వైద్యులు ఇది నమ్మొద్దని సంతకాలు పెట్టి ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. ఆ తరవాత ఆయన, డాక్టర్ల సలహాతోనే చేశామని సర్దుకున్నాడు. మొదటి వీడియో చూసిన మామయ్యలు రెండోది చూడలేదు. వేపచెట్టు మాత్రం మోడైపోయింది.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 1954 నాటిది. మందుల, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం. ఏయే జబ్బులను నయం చేస్తామని ప్రకటించకూడదో దానికో పట్టిక ఉంది. ఆ పట్టికలో క్యాన్సర్ ఉంది. నేరం రుజువైతే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. చట్టానికి డెబ్భై ఏళ్లు నిండాయి. పొద్దున ఆరున్నరకు ఏ చానెల్ పెట్టినా కాషాయం కట్టినాయనో తెల్లకోటు వేసినాయనో ఒకరు 'నాలుగో స్టేజీ నుంచి మామూలు జీవితానికి' అంటూ ఫోన్ నంబరు చెబుతూనే ఉంటారు. తాయెత్తు కట్టేవాళ్లు, నూనె రాసి ప్రార్థన చేసేవాళ్లు, గ్రహదోషానికి హోమం చేయించేవాళ్లు ఈ విషయంలో అపూర్వమైన మత సామరస్యం పాటిస్తారు. రోగి ఇంట్లో ముగ్గురికీ వేళలు వేరుగా కేటాయించి ఉంటాయి గనక ఎదురుపడి పోట్లాడుకునే అవసరం రాదు.

వార్తా చానెళ్లది మరో రకం సేవ. 2022 జూన్‌లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి నుంచి ఒక నిజమైన మంచి వార్త వచ్చింది. డోస్టార్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చిన పన్నెండు మంది మలాశయ క్యాన్సర్ రోగుల్లో పన్నెండు మందికీ గడ్డ కనిపించకుండా పోయింది. వైద్యచరిత్రలో ఇలాంటివి అరుదు. మన చానెళ్లు ఆ సాయంత్రమే క్యాన్సర్‌ను భూమ్మీద నుంచి తుడిచేశాయి. ఎర్ర అక్షరాలు, సైరన్ మోత, 'క్యాన్సర్‌కు మందు దొరికేసింది'. రెండు చిన్న విషయాలు తెరమీద పట్టలేదు. ఆ పన్నెండు మందికీ జబ్బు ఇంకా లివర్‌కు, ఊపిరితిత్తులకు పాకలేదు. పైగా వాళ్ల గడ్డలన్నీ ఒక ప్రత్యేక జాతికి చెందినవి, డీఎన్ఏలో తప్పులు దిద్దే యంత్రాంగం చెడిపోయినవి. మలాశయ క్యాన్సర్లలో అలాంటివి నూటికి అయిదో పదో. మర్నాడు ప్రతి క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలోనూ ఫోన్లు చేతబట్టుకుని కుటుంబాలు నిలబడ్డాయి, రొమ్ము క్యాన్సర్‌కు, గొంతు క్యాన్సర్‌కు, ఎముక క్యాన్సర్‌కు అదే సూది కావాలని. కాదని చెప్పిన డాక్టరు ఆ రోజు దుర్మార్గుడయ్యాడు. టీవీ యాంకర్ కాలేదు.

కార్పొరేట్ ఆసుపత్రి దగ్గరికి వద్దాం. అక్కడ ఆశకు ఏసీ ఉంటుంది. ఫ్లైఓవర్ దిగుతుంటే హోర్డింగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ డాక్టర్లు, వెనక రోబో. పొట్ట లోపలి పొర మీదికి పాకిన పేగు క్యాన్సర్‌కు గడ్డలన్నీ ఏరి తీసేసి, వేడిచేసిన కీమో మందును పొట్టలో పోసి తిప్పే చికిత్స ఒకటుంది. హైపెక్ అంటారు. బిల్లు లక్షల్లో. ఫ్రాన్స్‌లో దీన్ని 265 మంది మీద పరీక్షించారు. సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి ఆపరేషన్‌తో పాటు వేడి ఆక్సాలిప్లాటిన్. 2021లో పూర్తి ఫలితాలు అచ్చయ్యాయి. రెండు గుంపులూ దాదాపు ఒకే కాలం బతికాయి. మేలు చేసింది శ్రద్ధగా చేసిన ఆపరేషన్, అదనపు వేడి వల్ల ఒరిగింది కనిపించలేదు. ఎంపిక చేసిన కొందరికి దీన్ని వాడే మంచి సర్జన్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల వాదన వాళ్లకుంది. నా పేచీ వాళ్లతో కాదు, హోర్డింగుతో. హోర్డింగు మీద ఫ్రాన్స్ లేదు. 'వేడి కీమో, సరికొత్త ఆశ' అని ఉంది. మన జనానికి వేడి మీద నమ్మకం ఎక్కువ. పడిశానికి ఆవిరి, నడుంనొప్పికి కాపడం, క్యాన్సర్‌కు వేడి కీమో.

ధరల ముచ్చట విందామనుకుంటే 2019 చూడాలి. ఆ ఏడాది కేంద్రం 42 క్యాన్సర్ మందులపై వ్యాపారుల లాభం 30 శాతం దాటకూడదని గీత గీసింది. గీత గీయగానే కొన్ని బ్రాండ్ల ఎమ్మార్పీ ఎనభై శాతానికి పైగా పడిపోయింది. కంపెనీలు మూతపడలేదు, మందు దొరక్కుండా పోలేదు. అంటే అంతకు ముందు రోజు వరకు పొలం అమ్మి ఆ సీసా కొన్నవాడు దేని ఖరీదు కట్టాడు? మందు ఖరీదు అందులో అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ ఆశ మీద పన్ను.

ఇంతకీ నాలుగో స్టేజీలో అసలు ఆశే లేదా? ఉంది. దాన్ని చూపించేవాడు లేడు, ఎందుకంటే అది చూడ్డానికి బొత్తిగా బాగోదు. లేబొరేటరీ కాగితం మీద ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఆర్ఏఎస్, బీరాఫ్, ఎంఎస్ఐ. తీసిన ముక్కను మైనంలో పోసి దాచిన బ్లాకు మీద ఈ పరీక్షలు చేస్తారు. ఆర్ఏఎస్ జన్యువులో మార్పు ఉన్న గడ్డలకు సెటుక్సిమాబ్ అనే మందు పని చెయ్యదు, మార్పు లేకపోతే, అందులోనూ గడ్డ పేగుకు ఎడమవైపున ఉంటే, బాగా పని చేస్తుంది. నాలుగో స్టేజీలో నూటికి నలుగురైదుగురిలో ఎంఎస్ఐ ఎక్కువగా తేలుతుంది, అంటే వాళ్ల గడ్డ ఇందాకటి డీఎన్ఏ తప్పుల జాతిది. వాళ్లకు కీమో కంటే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ సూది మేలని రుజువై, 2020 నుంచి అమెరికాలో మొదటి మందుగానే అనుమతి ఉంది. కొందరిలో జబ్బు ఏళ్ల తరబడి అదుపులో ఉంటోంది. నూటికి నలుగురే కదా అని మీరనొచ్చు. ఆ నలుగురిలో మీ నాన్నగారు ఉన్నారో లేదో లక్ష్మీతరు ఆకు చెప్పదు, కొన్ని వేల రూపాయల పరీక్ష చెబుతుంది. ఆకులకు, హోమాలకు, పంచభూతాలకు ఖర్చు పెట్టిన ఇంట్లో, 'ఎంఎస్ఐ చేయించారా' అంటే 'అదేదో డాక్టరుగారు రాశారండీ, ఖర్చని వద్దనుకున్నాం' అంటారు. సూది ధర లక్షల్లో ఉందనేది నిజమే. గడ్డ అదృష్టజాతిది కావచ్చు, కార్డు తెల్లది. అందుకు కోపం రావాల్సింది ప్రభుత్వం మీద, ధర కట్టిన కంపెనీ మీద. ఆ కోపం మాత్రం ఎవరికీ రాదు, కోపాలన్నీ కీమో మీదే.

ఇంకో ప్రశ్న ఉంది. ఈ స్కాన్‌ను లివర్ సర్జన్ చూశాడా? పెద్దపేగు నుంచి లివర్‌కు మాత్రమే పాకి, గడ్డలు కొన్నే ఉండి, తీయగలిగే చోట ఉంటే వాటిని కోసి తీసేస్తారు. మిగిలిన లివర్ మళ్లీ పెరుగుతుంది. అలా తీయించుకున్నవాళ్లలో ముగ్గురిలో ఒకరైనా అయిదేళ్లు దాటుతున్నారు, కొందరికి జబ్బు మళ్లీ రానేలేదు. తీయలేనంత ఉంటే ముందు కీమోతో కుదించి తరవాత తీస్తారు. అప్పటికీ కుదరని కొద్దిమందికి లివర్ మార్పిడి కూడా ప్రయత్నించారు. ఎంతో వడకట్టి ఎంపిక చేసిన 94 మందిపై చేసిన యూరప్ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. కీమోతో పాటు మార్పిడికి కేటాయించినవాళ్లలో 57 శాతం, కీమో ఒక్కటే ఇచ్చినవాళ్లలో 13 శాతం అయిదేళ్ల తరవాత బతికి ఉన్నారు. 'లాస్ట్ స్టేజీ' అని పెదవి విరిచిన చుట్టానికి ఈ సంగతి తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది ఆ పేషెంటుకి. కానీ ఆయనకు ఉన్నది పుండు కదా! పుండున్న మనిషి లివర్ సర్జన్‌ను ఎందుకడుగుతాడు?

నిజం చెబితే ఆశ చచ్చిపోతుందనే వాళ్లకు అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ సంగతి చెప్పాలి. ఆయనకు 1982లో పొట్ట పొరల్లో మీసోథీలియోమా అనే మొండి క్యాన్సర్ తేలింది. మధ్యగత (మీడియన్) ఆయుష్షు ఎనిమిది నెలలని పుస్తకాల్లో ఉంది. డాక్టరు చెప్పడానికి మొహమాటపడితే ఆయనే లైబ్రరీకి వెళ్లి చదువుకున్నాడు. కూలబడలేదు, లెక్క చూశాడు. ఎనిమిది నెలలంటే సగం మంది ఆలోపు పోతారని, మిగతా సగం ఆ తరవాత ఎన్నాళ్లైనా ఉండొచ్చని అర్థం చేసుకున్నాడు, దాని మీద 1985లో ఒక వ్యాసమే రాశాడు. ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. అందరూ గౌల్డ్ అవుతారని నేననను. అలా అంటే నాకూ ఒక ఫోన్ నంబరు, పొద్దున ఆరున్నర స్లాటు కావాల్సొస్తుంది. కానీ అంకె తెలిసినవాడు ఆ అంకెతో ఏదో ఒకటి చేసుకోగలడు. మనవరాలి పెళ్లి ముందుకు జరుపుతాడు. తమ్ముడితో మాట కలుపుతాడు. ఆరో కీమో సైకిల్ తరవాత చాలు, ఇక ఇంటికి పోదాం అంటాడు. లేదా, ఇంకా ఉంది, ఇంకో మందు ఇవ్వండి అంటాడు. అది ఆయన ఇష్టం. ప్రస్తుతం ఆ ఇష్టాన్ని పెద్దల్లుడు డాలస్ నుంచి వీడియో కాల్‌లో నిర్వహిస్తున్నాడు.

ఇక అందరూ భయపడే మాట. పాలియేటివ్, అంటే ఉపశమన వైద్యం. దీన్ని మన కుటుంబాలు 'వదిలేశారు' అని అనువదించుకుంటాయి, కొందరు డాక్టర్లూ అలాగే అనువదించుకుంటారు. 2010లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మంది మీద ఒక పరీక్ష జరిగింది. మామూలు వైద్యంతో పాటు మొదట్నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు చివర్లో తక్కువ కీమో తీసుకున్నారు, తక్కువ కుంగిపోయారు, రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. అదే రెండున్నర నెలలు ఒక కొత్త సూది వల్ల వచ్చి ఉంటే హోర్డింగు ఎక్కేది. వచ్చింది నొప్పి తగ్గించడం వల్ల, కూర్చుని మాట్లాడటం వల్ల. వాటిని ప్యాకేజీ కట్టడం కష్టం.

నొప్పికి మార్ఫిన్ ఉంది. మాత్ర ఖరీదు రూపాయల్లో. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతుంది. అయినా జిల్లా కేంద్రంలో రాత్రి రెండింటికి పేగు మెలితిరిగి అరుస్తున్న మనిషికి ఒక్క మార్ఫిన్ మాత్ర దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో దుకాణాలు దాన్ని పెట్టడం మానేశాయి. రోగి ఎక్కడ అలవాటు పడతాడోనని సర్కారు బెంగ పెట్టుకుంది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. దారి ఉందన్న సంగతి చాలా ఆసుపత్రులకు ఇంకా చేరలేదు. అదే ఊళ్లో, అదే రాత్రి, ఆ రెండు గంటలకు బెల్టుషాపు తలుపు తడితే తెరుచుకుంటుంది.

మీ ఇంట్లో ఈ కబురు వస్తే, ముందు బయాప్సీ బ్లాకు మీ దగ్గర పెట్టుకోండి, అది మీ సొత్తు. ఆర్ఏఎస్, బీరాఫ్, ఎంఎస్ఐ రిపోర్టులు అడగండి. స్కాన్ సీడీ తీసుకుని లివర్ సర్జన్‌కు ఒకసారి చూపించండి. టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం 'నవ్య' సేవ ద్వారా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, ముంబై రైలెక్కనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆరోగ్యమిత్రను వెతికి పట్టుకుని మందు పేరుతో సహా అడగండి. ఇంతా చేసేముందు జబ్బున్న మనిషిని, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని మెల్లగా అడగండి. ఆయన అడిగినంత చెప్పండి. నొప్పి మొదలవక ముందే పాలియేటివ్ విభాగం ఎక్కడుందో కనుక్కోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, మార్ఫిన్ ఉంది.